శ్రావణంలో నిలబడే కవరు

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవారి పక్కన అరగంట కూర్చుంటే, మట్టిలో కలిసిపోయే ప్యాకింగు ఫిల్ముల కష్టసుఖాలన్నీ అక్కడే తెలిసిపోతాయి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట సన్నగా మండుతూ ఉంటుంది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి జారులో పలుచటి గుడ్డ ముంచి, కాగిన కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగగానే, రెప్పపాటులో నీరు ఆవిరైపోయి, అరచేతి మీద పెడితే గీతలు కనిపించేంత పలుచని రేకు లేచి వస్తుంది. ఆ రేకును అప్పటికప్పుడు మడవబోతే ఎండుటాకులా పెళపెళ విరిగిపోతుంది. అందుకని తడిగుడ్డతో అద్ది, చెమ్మ పట్టి లొంగిన తరువాతే నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి మడత పెడతారు. ఆ చెమ్మ కాస్త ఎక్కువైందా, రేకు వేళ్లకు అతుక్కుని చిరిగిపోతుంది.

పూతరేకు అంటే అచ్చంగా పిండిపదార్థంతో చేసిన ఫిల్ము. స్టార్చ్ గొలుసులు పొడిగా ఉన్నప్పుడు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంటాయి కనుక రేకు పెళుసుగా ఉంటుంది; నీటి అణువులు వాటి మధ్యకు దూరి ఆ పట్టును సడలిస్తే లొంగుతుంది; ఇంకా ఎక్కువ నీరు దూరితే ఉన్న బలం కూడా పోతుంది. మొక్కజొన్న పిండితో సంచులు చేసేవారు నీటికి బదులు గ్లిజరిన్ కలుపుతారు, ఎందుకంటే అది నీటిలా త్వరగా ఎగిరిపోదు. కానీ గ్లిజరిన్ కూడా తేమను పీల్చుకునేదే. పైగా వారాలు, నెలలు గడిచేకొద్దీ ఆ గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి బిరుసెక్కడానికి కారణం ఇదే. గోడౌనులో కట్టలుగా పడి ఉన్న స్టార్చ్ సంచి పెళుసెక్కడానికి ఒక కారణం కూడా ఇదే.

నేను పదకొండేళ్ల పాటు ఒక ఫిల్ము కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేశాను. ఫిల్మును సన్నని పట్టీలుగా కోసి, యంత్రం దవడల మధ్య బిగించి, అది తెగేదాకా లాగి, ఎంత బలానికి తెగిందో, ఎంత సాగి తెగిందో రాసుకోవడం నా రోజువారీ పని. ఆ గదిలో ఏడాది పొడుగునా 23 డిగ్రీల ఉష్ణోగ్రత, గాలిలో 50 శాతం తేమ ఉండేలా చూసుకునేవాళ్లం, ఎందుకంటే పరీక్షా ప్రమాణాలు అలాగే చెబుతాయి. ఎక్కడ కొలిచినా ఒకే పరిస్థితి ఉండాలన్న ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. నా అభ్యంతరమల్లా, ఆ గదిలో పుట్టిన సంఖ్యను పట్టుకెళ్లి గోదావరి జిల్లాల్లో శ్రావణమాసపు వానల్లో నడిచే పిండివంటల దుకాణానికి హామీగా చూపించడం మీదనే.

మా పెద్దనాన్నగారి అమ్మాయి రావులపాలెం దగ్గర జంతికలు, చేగోడీలు, కారప్పూస చేయించి హైదరాబాదుకు, విశాఖపట్నానికి పంపుతుంది. మూడేళ్ల కిందట నా మాట మీదనే మామూలు ప్లాస్టిక్ కవర్లు మానేసి, కంపోస్టు కుప్పలో కుళ్లి మట్టిలో కలిసిపోతాయని చెప్పే కంపోస్టబుల్ ముద్ర ఉన్న పౌచులు తెప్పించుకుంది. వేసవిలో ఏ ఇబ్బందీ రాలేదు. వానలు పట్టిన వారం రోజులకు ఫోను చేసింది.

"ఏరా తమ్ముడూ, ఈ కవరు భూమికి మంచిదన్నావు కదా, మరి జంతికలకి మంచిది కాదేంట్రా? పొద్దున కట్టినవి రేపటికి మెత్తబడిపోతున్నాయి."

"సీలు సరిగా పడలేదేమో చూశావా అక్కా?"

"సీలు బానే ఉంది. కవరే చెమ్మ తాగుతోంది."

ఆమె మాట అక్షరాలా నిజం. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలలేదు. ఈ ఫిల్ముల గురించి జరుగుతున్న చర్చ చాలావరకు పక్కదారి పట్టిందని, వాటి బలాన్ని, తేమను, గాలిని అడ్డుకునే గుణాన్ని పెంచడానికి మనం వెతుకుతున్న చోటు కూడా సరైనది కాదని నా నిశ్చితాభిప్రాయం. ఒకే పొరలో ఏదో ఒకటి కలిపి దానితోనే అన్ని పనులూ చేయించాలన్న ప్రయత్నం మన వాతావరణంలో నెగ్గదు. పనులు విడదీసి, ఒక్కో పనిని ఒక్కో పలుచటి పొరకు అప్పగించాలి. ఆ పొరలన్నింటినీ మన వానాకాలపు గాలిలో పరీక్షించాలి.

నా మాట మీద నమ్మకం కలగాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. పదిహేను సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల పొడవు ఉన్న పౌచు రెండు ముఖాలూ కలిపితే 0.06 చదరపు మీటరు వైశాల్యం ఉంటుంది. అందులో 100 గ్రాముల జంతికలు పోశామనుకుందాం. అవి బయటి నుంచి సుమారు 3 గ్రాముల నీటిని పీల్చుకుంటే చాలు, కరకర పోయి పళ్లకింద సాగుతాయి. తేమను ఎంత దాటనిస్తుందో ఉష్ణమండల పరిస్థితుల్లో కొలిచేటప్పుడు 38 డిగ్రీలు, 90 శాతం తేమ తీసుకుంటారు. ఆ పరిస్థితిలో 25 మైక్రాన్ల మందమున్న పీఎల్ఏ ఫిల్ము, అంటే మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి తీసిన లాక్టిక్ ఆమ్లంతో చేసే పాలిమర్ ఫిల్ము, చదరపు మీటరుకు రోజుకు 300 గ్రాములకు అటూ ఇటూగా నీటి ఆవిరిని దాటనిస్తుంది. మన పౌచుకు లెక్క కడితే రోజుకు 18 గ్రాములు. అంటే నాలుగు గంటల్లో ఆ 3 గ్రాములూ లోపలికి చేరిపోతాయి. అదే మందమున్న మామూలు పాలిథీన్ దాటనిచ్చేది 18 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. పౌచుకు రోజుకు ఒక గ్రాము చొప్పున దాదాపు మూడు రోజులు ఆగుతుంది. చిప్స్ ప్యాకెట్లలో లోపల వెండిలా మెరిసే అల్యూమినియం పూత ఉన్న పాలీప్రొపిలీన్ ఫిల్ముకు అర గ్రాము అనుకుంటే, 3 గ్రాములు చేరడానికి వంద రోజులు పడుతుంది. దుకాణంలో, ఇంట్లో గాలి పరీక్షా పెట్టెలో ఉన్నంత కఠినంగా ఉండదు కనుక నిజమైన గడువులు ఇంతకంటే కొంత ఎక్కువే ఉంటాయి. అయినా వాటి మధ్య ఉన్న తేడా ఎక్కడికీ పోదు. నాలుగు గంటలకూ వంద రోజులకూ మధ్య ఉన్న దూరాన్ని ఏ కలపడంతో పూడ్చగలం?

ఇక్కడ ఎక్కువమంది పరిశోధకులు ఆశ్రయించేది మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్నును. దాని పొర ఒక్కొక్కటి ఒక నానోమీటరు మందం, వందల నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. అలాంటి పలకలు ఫిల్ములో అడ్డంగా పరుచుకుని ఉంటే, నీటి అణువు తిన్నగా దాటలేక, జనం కిక్కిరిసిన సంతలో మనిషి తప్పుకుంటూ నడిచినట్టు చుట్టూ తిరిగి పోవలసి వస్తుంది. నీల్సన్ అనే శాస్త్రవేత్త 1967లో దీనికి ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. పలక వెడల్పు మందానికి వంద రెట్లు ఉండి, ఫిల్ము ఘనపరిమాణంలో 5 శాతం పలకలు ఉంటే, దాటే తేమ నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువకు తగ్గాలని ఆ సూత్రం చెబుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ మన పౌచు లెక్కలో పెడితే 300 కాస్తా 80 అవుతుంది, జంతికలు నాలుగు గంటలకు బదులు పదిహేను గంటలు నిలుస్తాయి. పాలిథీన్ దరిదాపులకు కూడా రాము.

అది కూడా పలకలన్నీ విడివిడిగా విచ్చుకుని, ఫిల్ముకు సమాంతరంగా పడుకున్నప్పటి మాట. కర్మాగారంలో కరిగిన ప్లాస్టిక్‌ను సన్నని సందులోంచి నెట్టే ఎక్స్‌ట్రూడర్ నుంచి వచ్చే ఫిల్ములో అవి పేకముక్కల కట్టల్లా అంటుకుపోయి ఉంటాయి. అప్పుడు వెడల్పుకూ మందానికీ నిష్పత్తి వందకు బదులు పదే అవుతుంది, అదే సూత్రం ప్రకారం నూటికి డెబ్భై ఆరు వంతుల తేమ మునుపటిలాగే దాటిపోతుంది. ఆ కట్టలు ఉన్నచోట ఫిల్ము చిరగడం మొదలవుతుంది కనుక బలం విషయంలో కూడా నష్టపోతాం. నేను ఇలా అంటున్నది బంకమన్ను పనికిరాదని చెప్పడానికి కాదు. సెల్యులోజ్‌ను కంటికి కనిపించనంత సన్నగా విడదీసిన నానోసెల్యులోజ్ కలిపినా, బంకమన్ను కలిపినా ఫిల్ము బిగువు నిజంగానే పెరుగుతుంది. సెల్యులోజ్ స్ఫటికాల బిగువు 130 గిగాపాస్కల్‌లకు పైనే కనుక కొద్దిగా కలిపినా ఫలితం కనిపిస్తుంది. తేమను ఆపే భారాన్ని మాత్రం వాటి నెత్తిన పెట్టకూడదు.

ప్రకృతి నుంచి వచ్చే పాలిమర్లలో ఒక వింత ఉంది. స్టార్చ్, సెల్యులోజ్, రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్, ఇవన్నీ పొడిగా ఉన్నప్పుడు ఆక్సిజన్‌ను చాలా బాగా ఆపుతాయి, పాలిథీన్ కంటే ఎన్నో రెట్లు మెరుగ్గా ఆపుతాయి. వాటి గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి దగ్గరగా కుట్టేసినట్టు ఉంటాయి, ఆక్సిజన్ దూరడానికి సందు ఉండదు. నూనెను, నెయ్యిని కూడా బాగా ఆపుతాయి. తేమ తగిలిందంటే మాత్రం నీటి అణువులు ఆ కుట్లన్నింటినీ విప్పేస్తాయి, ఆక్సిజన్‌కూ దారి తెరుచుకుంటుంది. పాలిథీన్ ఇందుకు సరిగ్గా తలకిందులు: నీటితో దానికి పొత్తు కుదరదు కనుక తేమను ఆపుతుంది, ఆక్సిజన్‌ను మాత్రం ధారాళంగా దాటనిస్తుంది. ఒకదానికి లేనిది ఇంకొకదానికి ఉంది. అందుకే ఇవి రెండు పొరలుగా పక్కపక్కన ఉండాలి తప్ప, ఒకే ముద్దగా కలిసిపోకూడదు.

కైటోసాన్ మాట వచ్చింది కనుక ఒక్క సంగతి చెప్పాలి. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం చుట్టుపక్కల శుద్ధి కర్మాగారాల్లో తలలు, పొట్టు గుట్టలుగా వస్తాయి. ఆ పొట్టులోని ఖనిజాలను ఆమ్లంతో, మాంసకృత్తులను క్షారంతో తొలగిస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢమైన క్షారంలో వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. పలుచటి ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వినిగర్ లాంటి నీటిలో అది కరుగుతుంది, గాజు పలక మీద పోసి ఆరబెడితే తేనె రంగులో పారదర్శకమైన రేకు వస్తుంది. బూజునూ కొంతవరకు ఆపే గుణం దానికి ఉంది. ఇంత ముడిసరుకు మన తీరం వెంట ఉండగా, దాన్ని మధ్యపొరగా వాడే ఫిల్ము మనవాళ్ల చేతిలోనే తయారు కావాలని నేను ఎంతగానో కోరుకుంటున్నాను. విడిగా ఒక సంచిగా చేస్తే మాత్రం అది కూడా పూతరేకు లాగానే చెమ్మకు లొంగిపోతుంది.

పొరల దారిలో వెళితే గెలుస్తామని చెప్పడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం దాదాపు వందేళ్ల నాటిది. స్విట్జర్లాండ్‌కు చెందిన జాక్ బ్రాండెన్‌బర్గర్ 1908లో సెల్లోఫేన్‌ను తయారు చేశాడు. కలప నుంచి తీసిన సెల్యులోజ్‌ను కరిగించి మళ్లీ రేకుగా గట్టిపరిస్తే వచ్చేది అది. గాజులా మెరుస్తుంది, మట్టిలో వేస్తే కలిసిపోతుంది. 1924లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ దాన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. చూడచక్కగా ఉన్నా, చాలా రకాల ఆహారం చుట్టేవారికి అది అక్కరకు రాలేదు, ఎందుకంటే నీటి చుక్కను ఆపినా నీటి ఆవిరిని ఆపలేకపోయింది. మా అక్క ఫోనులో చెప్పిన ఫిర్యాదే ఆనాడు అక్కడి వ్యాపారులు కూడా చేశారు. విలియం హేల్ చార్చ్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు వేలకు పైగా మిశ్రమాలు ప్రయత్నించి 1927లో పరిష్కారం కనుక్కున్నాడు. సెల్యులోజ్‌లో ఆయన ఏమీ కలపలేదు. నైట్రోసెల్యులోజ్, మైనం, జిగురు, మెత్తదనం కోసం ఇంకొక పదార్థం కలిపిన లక్కలాంటి వార్నిష్‌ను రెండు వైపులా ఒక మైక్రాను అటూ ఇటూగా పూశాడు. బలం సెల్యులోజ్‌ది, తేమను ఆపే పని మైనానిది. ఆ తరువాతే సెల్లోఫేన్ రొట్టెల మీదకు, పొగాకు చుట్టల మీదకు విరివిగా వచ్చింది.

మన చెరువుల్లో తామరాకు చేస్తున్నదీ ఇదే. ఆకు లోపలిదంతా నీటిని ఇష్టపడే సెల్యులోజ్. పైన కనీకనిపించని మైనపు పొర. నీటిబొట్టు జారిపోయేది ఆ పొర వల్ల, ఆకు చిరగకుండా నిలబడేది లోపలి నార వల్ల. అరటాకులోనూ అడ్డాకులోనూ అదే అమరిక. ఎండి రాలిన ఆకు మట్టిలో కలిసిపోవడానికి ఆ మైనం అడ్డు రాదు, ఎందుకంటే ఆకు చిరిగి ముక్కలైన చోటల్లా సూక్ష్మజీవులకు లోపలి దారి తెరుచుకుంటుంది.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం సమస్యకు ముడి అక్కడే ఉంది. కవరు లోపలి సరుకును పాడుచేసేది తేమ. కవరును మట్టిలో కలిపేది కూడా తేమే. పీఎల్ఏ గొలుసులను ముందు నీరు తెంపాలి, ఆ ముక్కలు చిన్నవైన తరువాతే సూక్ష్మజీవులు తినగలవు. అందుకని ఫిల్ము లోపలి పదార్థాన్నే నీరు చొరబడనంత బిగువుగా మార్చితే, అది మట్టిలో కలవడం కూడా ఆలస్యమవుతుంది. స్ఫటికాలు పెంచి బలం, అడ్డుకునే గుణం సంపాదించిన పీఎల్ఏ విషయంలో ఇదే జరుగుతుంది. పూతలో ఈ చిక్కు తక్కువ. ప్యాకెట్టు నిండుగా ఉన్నంతకాలం పూత అంతటా కాపలా కాస్తుంది. చింపి కుప్పలో వేశాక తెగిన అంచుల నుంచి నీరు లోపలికి పాకుతుంది.

అయితే ఏ పూత అన్నది ముఖ్యం. సెల్లోఫేన్‌కే ఒకప్పుడు మైనపు లక్కకు బదులు పీవీడీసీ అనే క్లోరిన్ పాలిమర్ పూత కూడా పూసేవారు. తేమను, ఆక్సిజన్‌ను అద్భుతంగా ఆపేది కానీ అది మట్టిలో కలిసే పదార్థం కాదు. కాగితపు పళ్లేలకు నూనె పట్టకుండా ఫ్లోరిన్ రసాయనాలు వాడిన ఉదంతమూ అలాంటిదే. పళ్లెం కుళ్లిపోయింది, ఆ రసాయనం మాత్రం కంపోస్టులో మిగిలిపోయింది. ఐరోపా కంపోస్టు ప్రమాణం ఈఎన్ 13432 ప్యాకింగు పదార్థంలో ఫ్లోరిన్‌కు కిలోకు 100 మిల్లీగ్రాముల హద్దు పెట్టడం సరైన పనే. అడ్డుకునే గుణం పెరిగిందని సంబరపడే ముందు, దాన్ని పెంచిన పదార్థం చివరికి ఎక్కడికి పోతుందో అడగాలి. పాలిథీన్‌లో లోహ లవణాలు కలిపి, ఎండకు ముక్కలయ్యేలా చేసి, దాన్నే మట్టిలో కలిసే ప్లాస్టిక్ అని అమ్మినవారిని నేను చూశాను. ఐరోపా సమాఖ్య 2021 జులై నుంచి ఆ రకాన్ని నిషేధించింది. ముక్కలు కావడం వేరు, కలిసిపోవడం వేరు.

ఇక బలం సంగతి. పీఎల్ఏ తన్యబలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, 50 నుంచి 70 మెగాపాస్కల్‌లు ఉంటుంది, పాలిథీన్ కంటే చాలా ఎక్కువ. ఆ సంఖ్య చూసి మురిసిపోతే పొరపాటు, ఎందుకంటే అది తన పొడవులో అయిదారు శాతం కూడా సాగకుండానే పుటుక్కున తెగుతుంది. పీబీఏటీ అనే మరొక పాలిమర్ పెట్రోలియం నుంచి వచ్చినదైనా కంపోస్టులో కలిసిపోతుంది. బలం తక్కువ, సాగుడు వందల శాతం. కనుక కర్మాగారాల్లో ఈ రెండింటినీ కలుపుతారు. కానీ అవి నూనె, నీళ్లలా సహజంగా కలవవు. వాటి సరిహద్దులను అతికించే మూడో పదార్థం కొద్దిగా వేయకపోతే, తన్యబలం కాగితం మీద బాగానే కనిపించినా, సంచి చిన్న గాటు దగ్గర నుంచి పొడుగునా జిప్పు తెరిచినట్టు చిరిగిపోతుంది. నేను ఎన్నో నమూనాల్లో చూసిన లోపం ఇదే. మనిషి కవరును రెండు చివరలా పట్టుకుని సమానంగా లాగడు. కందిపప్పు సంచి మూల గుచ్చుకుంటుంది, గోరు తగులుతుంది, సీలు పక్కన మడత పడుతుంది. కనుక గాటు నుంచి చిరిగే బలం, పైనుంచి బరువు పడితే తట్టుకునే బలం, సీలు విడిపోయే బలం, ఈ మూడూ చెప్పకుండా తన్యబలం ఒక్కటే చెప్పేవారి మాటను నేను సగమే వింటాను.

బిరుసుతనం ఎంత పని చేస్తుందో అమెరికాలో ఒకసారి అందరికీ తెలిసివచ్చింది. 2010లో ఫ్రిటో-లే సంస్థ సన్‌చిప్స్‌ను పీఎల్ఏతో చేసిన కంపోస్టబుల్ ప్యాకెట్లలో అమ్మింది. పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీల దాకా గాజులా గట్టిగా ఉండే పదార్థం, అందువల్ల ప్యాకెట్టును ముట్టుకుంటే చాలు పెళపెళమని పెద్ద చప్పుడు వచ్చేది. 90 డెసిబెళ్లు దాటినట్టు కొలిచినవారూ ఉన్నారు. జనం విసుగెత్తడంతో అదే ఏడాది అక్టోబరులో చాలా రుచులకు పాత ప్యాకెట్లనే తిరిగి తెచ్చారు. మరుసటి ఏడాది పొరల మధ్య మెత్తటి జిగురు వాడి చప్పుడు తగ్గించిన ప్యాకెట్టును తీసుకొచ్చారు. పదార్థం మార్చకుండా పొరల మధ్య ఏముందో మార్చి సమస్యను దారికి తెచ్చుకున్నారన్న సంగతి నా వాదానికి బలమిస్తుంది.

మన వైపు వచ్చే చిక్కు ఇంకొకటుంది, అది తూకం చిక్కు. కవర్ల వ్యాపారంలో మొదటి ప్రశ్న, కిలోకు ఎన్ని వస్తాయి అని. పాలిథీన్ సాంద్రత 0.92, పీఎల్ఏది 1.24, పీబీఏటీది కూడా దాదాపు అంతే. ఒకే కొలత, ఒకే మందం ఉన్న కవర్లు పాలిథీన్‌లో కిలోకు వంద వస్తే ఇందులో డెబ్భై నాలుగే వస్తాయి. పైగా ముడిసరుకు ధర కొన్ని రెట్లు ఎక్కువ. కనుక లెక్క సరిపెట్టడానికి ఫిల్మును పలుచన చేస్తారు. 2022 డిసెంబరు 31 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులకు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నియమం ఉంది, కంపోస్టబుల్ సంచులకు మాత్రం ఆ నియమం వర్తించదు. ఆ సడలింపు ఉద్దేశం మంచిదే, కానీ దాని నీడలో కూరగాయలు ఇంటికి చేరేలోపు అడుగు జారిపోయే సంచులు బజారులోకి వచ్చాయి. అలాంటి సంచి ఒక్కటి రోడ్డు మీద తెగితే, ఆ ఇంట్లోవారు మళ్లీ జన్మలో దాని జోలికి పోరు.

వయసు సంగతి కూడా ఎవరూ చెప్పరు. తేమ, వేడి కలిసిన గోడౌనులో ఈ ఫిల్ముల గొలుసులు వాడకముందే నెమ్మదిగా తెగుతూ ఉంటాయి. కొన్న కొత్తలో బాగున్న ఫిల్ము చుట్ట ఎనిమిది తొమ్మిది నెలలకు సీలు దగ్గర పగలడం మా అక్క దగ్గరే చూశాను. రేకుల షెడ్డు కింద ఒక వేసవి, ఒక వానాకాలం గడిపిన చుట్ట అది. దాని మీద తయారైన తేదీ లేదు, ఎన్నాళ్లలో వాడాలో లేదు. మందుబిళ్లకు గడువు ఉన్నట్టే దీనికీ ఉండాలి.

ఇంత చెప్పాక, ఈ ఫిల్ములు ఇప్పటికిప్పుడు బాగా పనికొచ్చే చోట్లు కూడా చెప్పడం న్యాయం. హైదరాబాదులోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ప్రయోగశాల రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఎంపిక నాకు చాలా సబబుగా తోస్తుంది. లడ్డూ సంచి నెలల తరబడి తేమను ఆపనక్కరలేదు. కొండ మీద నుంచి ఇంటిదాకా రెండు మూడు రోజులు బరువు మోయాలి, నెయ్యిని బయటికి రానివ్వకూడదు. నెయ్యిని ఆపడం స్టార్చ్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. పాల ప్యాకెట్టు కూడా అలాంటిదే. అందులో సరుకు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, కనుక తేమను ఆపడం కంటే ట్రేలో పడేసినప్పుడు సీలు విడిపోకపోవడం, పైన నీరు పట్టినా బలం తగ్గకపోవడం ముఖ్యం. గుంటూరు కారం పొడికి వెలుతురు, ఆక్సిజన్ రెండూ రంగు తగ్గిస్తాయి, కాబట్టి దానికి కావలసింది ఇంకొక రకం. సరుకు ఏమిటో, ఎన్నాళ్లు నిలవాలో, ఏ ఊరి గాలిలో నిలవాలో చెప్పకుండా మంచి ఫిల్ము ఏదని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మన ప్రమాణాల గురించి నాకున్న ఫిర్యాదు కూడా ఇదే. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌ల ప్రమాణమైన ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రకారం పరీక్షించిన కంపోస్టబుల్ ఫిల్ము, వేడిగా ఉండే కంపోస్టు కుప్పలో, సుమారు 58 డిగ్రీల దగ్గర, 180 రోజుల్లోగా తనలోని కర్బనంలో 90 శాతాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదలాలి. ఊరి చివర పెంటకుప్పలో అంత వేడి అన్నివేళలా ఉండదన్నది వేరే బాధ. ఆ పరీక్ష నెగ్గితే ఇచ్చే పత్రం ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఇది కుళ్లుతుందా? కుళ్లేలోపు ఏ పని చేస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పే పత్రం చిన్న వ్యాపారి చేతికి రావడం లేదు. 38 డిగ్రీలు, 90 శాతం తేమలో ఎంత ఆవిరిని దాటనిస్తుందో, సీలు బలం ఎంతో, ఏ నెలలో తయారైందో, ఎన్ని నెలల్లోగా వాడాలో, ఈ నాలుగు వివరాలూ చుట్ట మీద అచ్చు వేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. సరఫరాదారులు ఇవి అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు. అడగాలని మా అక్కకు తెలియదు, చెప్పవలసిన నేను చెప్పలేదు. మెత్తబడిన ఆ జంతికల నష్టంలో నా వాటా ఉంది.

ఆ తరువాత మేం ఇంట్లోనే ఒక పరీక్ష మొదలుపెట్టాం. ఖాళీ గాజు సీసాల్లో ఒక చెంచాడు నీలిరంగు సిలికా జెల్ గుళికలు పోసి, మూతి మీద ఒక్కో రకం ఫిల్ము బిగించి, చుట్టూ కొవ్వొత్తి మైనంతో సీలు వేసి, వంటింటి గూట్లో పెట్టాం. ఆ గుళికలు తేమ పీలిస్తే గులాబీ రంగుకు మారతాయి. పాత కంపోస్టబుల్ పౌచు ముక్క బిగించిన సీసాలో రెండో రోజు సాయంత్రానికే సగం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయి. పాలిథీన్ సీసాలో వారం దాటినా పైవరుస మాత్రమే మారింది. మైనపు పూత ఉన్న సెల్యులోజ్ ఫిల్ముది పాలిథీన్‌కు దగ్గరి నడక. కానీ అదే ఫిల్మును ఒకసారి మడిచి, గోటితో గీత నొక్కి బిగిస్తే, ఆ మడత కింద ఉన్న గుళికలు ముందుగా రంగు మారాయి. పూత మడత దగ్గర పగిలిందన్నమాట. కనుక ఇప్పుడు నా దృష్టంతా ఆ మడత మీదే ఉంది: మైనంతో పాటు కొద్దిగా సాగే పీబీఏటీ పొర లోపలి వైపు ఉంటే, పగిలిన చోట అది కొంత కాపాడుతుంది, సీలుకు కూడా అదే పనికొస్తుంది.

అలాంటి రెండు పొరల పౌచులు నమూనాగా ఇరవై సంపాదించి, ఆషాఢం చివరి వారంలో జంతికలు కట్టి, ప్రతి సోమవారం ఒకటి చొప్పున విప్పుతున్నాం. అక్క ఒక జంతిక తీసి చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది, చప్పుడు విని నోట్లో వేసుకుంటుంది, నేను గ్రాముల తూకం చూసి పుస్తకంలో రాస్తాను. మొదటి నాలుగు ప్యాకెట్లూ కరకరలాడాయి. అయిదోది సీలు మూల దగ్గర కాస్త మెత్తగా తగిలింది. ఆ మూలను కత్తిరించి, భూతద్దం కింద పెట్టి చూస్తే, సీలు పట్టీ చివర జుట్టంత సన్నని మడత కనిపించింది. ఇంకా పదిహేను ప్యాకెట్లు అల్మరాలో ఉన్నాయి.